ఒక సర్క్యులర్, ఒక దుంప, ఒక సలాడు

మనలో చాలామంది ఉద్యోగజీవితం సర్క్యులర్లు చదవడంతోనూ, వాటిని అమలు చేశామని నివేదికలు పంపడంతోనూ గడిచింది. పైనుంచి బయలుదేరిన కాగితం కిందికి చేరేసరికి ఏమవుతుందో మనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. అందుకే ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు, 1756లో ఒక రాజు పంపిన సర్క్యులర్ గురించి రాద్దామనిపించింది. ఆ సర్క్యులర్ విషయం బంగాళాదుంప. అది జర్మన్ల పొలాల్లోకి, వంటింట్లోకి ఎలా వచ్చిందో, సలాడుగా వాళ్ళ పండుగ బల్ల మీదికి ఎలా ఎక్కిందో, దాన్ని మన ఇంట్లో ఎలా చేసుకోవచ్చో వరుసగా మనవి చేస్తాను.

మా అమ్మాయి ఉద్యోగరీత్యా స్టుట్‌గార్ట్‌లో ఉండటంవల్ల మేమిద్దరం రెండుసార్లు అక్కడికి వెళ్ళి, కొన్ని నెలలు ఉండి వచ్చాం. ఈ సలాడు చేయడం అక్కడ పొరుగింటి పెద్దావిడ దగ్గర మా ఆవిడ నేర్చుకుంది. ఆమె కూడా మనలాగే పెన్షనరే.

పుట్టిల్లు ఎక్కడ?

బంగాళాదుంప పుట్టిల్లు జర్మనీ కాదు, మన దేశమూ కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. అక్కడివాళ్ళు వేల సంవత్సరాలుగా దాన్ని పండిస్తున్నారు. స్పెయిన్ వాళ్ళు ఆ దేశాలను ఆక్రమించుకున్నాక 16వ శతాబ్దంలో అది సముద్రం దాటి యూరప్ చేరింది. 1588లో వియన్నాలో ఉన్న వృక్షశాస్త్రజ్ఞుడు క్లూసియస్‌కు ఎవరో రెండు దుంపలు పంపితే ఆయన తోటలో నాటి పెంచాడు. చాలాకాలం అది రాజుల తోటల్లో పూలకోసం పెంచే వింత మొక్కగానే ఉండిపోయింది.

పేర్లు చూడండి. ఇటలీ వాళ్ళు నేలలో దొరికే ఒక రకం పుట్టగొడుగు పేరునే దీనికి పెట్టారు. ఆ మాటే మారి జర్మన్‌లో 'కార్టోఫెల్' అయింది. ఆస్ట్రియాలో దీన్ని 'నేల ఆపిల్' అని అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. మనం బెంగాల్ పేరు తగిలించి బంగాళాదుంప అన్నాం. తెలంగాణలో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ. ఎవరికి వారు దీన్ని పొరుగూరి సరుకుగానే చూశారన్నమాట.

రాజుగారి సర్క్యులర్

ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ 1756 మార్చి 24న సైలీషియాలోని అధికారులకు ఒక ఉత్తర్వు పంపాడు. జర్మన్‌లో కూడా దాని పేరు సర్క్యులర్ ఉత్తర్వే. అందులోని సారాంశం ఇది: ఈ దుంప ఎంత లాభమో రైతులకు నచ్చజెప్పండి, ఖాళీ జాగా కనబడిన చోటల్లా నాటించండి, ఉత్తర్వు చదివి వినిపించి ఊరుకోవద్దు, మే నెల మొదట్లో సిబ్బందిని పంపి నిజంగా నాటారో లేదో తనిఖీ చేయించండి. ఈ చివరి షరతు చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. కాగితాన్ని ఫైల్లో పెట్టి చేతులు దులుపుకునే రకం ఆ కాలంలోనూ ఉన్నారని రాజుకు తెలుసు!

జనం ఎందుకు వద్దన్నారు? మూర్ఖత్వం వల్ల మాత్రం కాదు. ఈ మొక్క ఉమ్మెత్త కుటుంబానికి చెందింది. ఆకులు, కాయలు విషం. దుంప పచ్చిగా తింటే రుచి ఉండదు. బైబిల్లో దీని ప్రస్తావన లేదు. అన్నిటికన్నా ముఖ్యం, రొట్టె తినే జనానికి దీన్ని ఎలా వండాలో ఎవరూ చెప్పలేదు. నెట్టెల్‌బెక్ అనే నావికుడు తన ఆత్మకథలో చిన్ననాటి సంగతి ఒకటి రాశాడు. కోల్బెర్గ్ అనే రేవుపట్నానికి రాజుగారు బండెడు దుంపలు కానుకగా పంపారట. జనం వాసన చూశారు, నాకారు, పచ్చిగా కొరికారు, చివరికి కుక్కలకు వేశారు. అవీ ముట్టలేదు. మరుసటి ఏడు రాజుగారు దుంపలతోపాటు ఒక మనిషిని కూడా పంపారు. అతను జర్మనీ దక్షిణాన ఉన్న స్వాబియా ప్రాంతంవాడు, ఆ పంట తెలిసినవాడు. దగ్గరుండి నాటించి చూపాడు. అప్పుడుగానీ పని జరగలేదు. బండి చేయలేని పని మనిషి చేశాడు.

నిజానికి ఏ ఉత్తర్వూ లేకుండానే దీన్ని పొలంలో పండించినవాళ్ళున్నారు. బవేరియా ఉత్తరభాగంలో పిల్‌గ్రామ్స్‌రాయిట్ అనే పల్లెలో 1647 ప్రాంతంలోనే హాన్స్ రోగ్లర్ అనే రైతు వేశాడు. అంటే సర్క్యులర్‌కు నూరేళ్ళ ముందు.

ఆకలి నేర్పిన పాఠం

సర్క్యులర్ వచ్చిన ఏడే, ఆగస్టులో, ఫ్రెడరిక్ యుద్ధం మొదలుపెట్టాడు. అది ఏడేళ్ళు సాగింది. సైన్యాలు ఊళ్ళమీద పడితే కోతకొచ్చిన ధాన్యం తగలబెట్టవచ్చు, గాదెల్లోది ఎత్తుకుపోవచ్చు. నేలలోని దుంపను తవ్వుకుంటూ కూర్చునే తీరిక సైనికుడికి ఉండదు. తర్వాత 1770 నుంచి 1772 దాకా వరుసగా పంటలు పోయి జర్మన్ రాజ్యాల్లో కరువొచ్చింది. ధాన్యం ధర ఆకాశానికంటింది. దుంపలు వేసిన ఇంట్లో మాత్రం పొయ్యి వెలిగింది. పాతికేళ్ళ ప్రచారం చేయలేని పనిని ఆ రెండు మూడేళ్ళు చేశాయి. 1778లో ప్రష్యాకూ ఆస్ట్రియాకూ మళ్ళీ యుద్ధం వచ్చింది. పెద్ద పోరాటాలేమీ లేక సైనికులు పొలాల్లో దుంపలు తవ్వుకు తింటూ కాలం గడిపారు. జనం దానికి 'దుంపల యుద్ధం' అని పేరు పెట్టారు.

ఆదుకున్న పంటే ఆ తర్వాత ఏడిపించింది కూడా. బీదవాళ్ళు దానిమీదే ఆధారపడ్డాక, 1845లో యూరప్ అంతటా దుంపకు తెగులు సోకింది. 1847 ఏప్రిల్‌లో బెర్లిన్ బజార్లలో దుంపల ధర భరించలేక జనం అంగళ్ళను దోచుకున్నారు. సైన్యాన్ని దించాల్సివచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1916లో, దుంప దిగుబడి దాదాపు సగానికి పడిపోయింది. ఆ చలికాలమంతా జనం పశువులకు వేసే ఒక రకం టర్నిప్ దుంపలతో ప్రాణాలు నిలుపుకున్నారు. ఆ శీతకాలానికి ఆ దుంప పేరే మిగిలిపోయింది. రెండవ యుద్ధం ముగిశాక 1946లో బెర్లిన్ నడిబొడ్డున ఉన్న పెద్ద ఉద్యానవనాన్ని దున్ని దుంపలు, కూరగాయలు పండించారు. పట్నంవాళ్ళు కిక్కిరిసిన రైళ్ళలో పల్లెలకు వెళ్ళి, ఇంట్లోని విలువైన వస్తువులిచ్చి దుంపలు తెచ్చుకున్నారు.

మా పొరుగింటావిడకు అప్పుడు ఎనిమిదేళ్ళు. తన పెళ్ళికి పుట్టింటివారు పెట్టిన నారబట్ట దుప్పట్లను వాళ్ళమ్మ ఒక బస్తా దుంపలకు మార్చుకొచ్చిందట. ఆవిడ ఉడికిన దుంప తొక్క తీస్తుంటే మా ఆవిడ ఆశ్చర్యంగా చూసేది. తొక్కతోపాటు గుజ్జు పిసరంత కూడా పోకూడదు. 1960 దశకంలో రేషన్ షాపు ముందు నిలబడి పి.ఎల్.480 గోధుమలు, ఎర్రజొన్నలు తెచ్చుకున్న మన తరానికి ఆ జాగ్రత్త అర్థం కావడానికి దుభాషీ అక్కర్లేదు. అన్నం తినే ఇళ్ళు గోధుమతో ఏం చేసుకోవాలో మనకూ అవసరమే నేర్పింది.

పండుగ బల్ల మీద పేదవంట

ఇంత చరిత్ర ఉన్న దుంపను జర్మన్లు క్రిస్మస్ ముందురోజు రాత్రి, అంటే డిసెంబర్ 24న, సలాడుగా చేసుకుని సాసేజీలతో తింటారు. ఎన్నో ఇళ్ళలో ఆ రాత్రి భోజనం ఇదే. అసలు విందు మర్నాడు. పాతరోజుల్లో పండుగ ముందురోజు ఉపవాసదినం కాబట్టి సాదాసీదాగా తినేవారు. పైగా సలాడు ముందే చేసి పెట్టుకోవచ్చు, ఇల్లాలికి ఆ సాయంత్రం తీరిక దొరుకుతుంది. కనుక ఇది దేశమంతటికీ ఒకే వంట అనుకోకండి. ఉత్తరాదివారు మయొనైజ్ వేసి, ఊరబెట్టిన దోసకాయ, ఉడికిన గుడ్డు కలుపుతారు. స్వాబియా, బవేరియావారు మయొనైజ్ మాటెత్తనివ్వరు. వేడివేడి మాంసరసం, వెనిగర్, నూనెతోనే చేస్తారు. పులిహోర చింతపండుతోనా, నిమ్మకాయతోనా అన్న మన తగువు లాంటిదే ఇదీను. ఉత్తరాది కోడలు, దక్షిణాది అత్తగారు ఉన్న ఇంట్లో రెండు గిన్నెలు తప్పవని పొరుగింటావిడే నవ్వుతూ చెప్పింది.

చేసే విధానం

స్టుట్‌గార్ట్ స్వాబియాలోనే ఉంది గనుక మేము నేర్చుకున్నది దక్షిణాది పద్ధతి. నలుగురికి సరిపోతుంది. ఇద్దరే ఉంటే సగం చేసుకోండి.

ఒక కిలో బంగాళాదుంపలు, చిన్న ఉల్లిపాయ ఒకటి, పావు లీటరు రసం, వెనిగర్ 3 పెద్ద చెంచాలు, సీసాలో దొరికే మస్టర్డ్ 2 చిన్న చెంచాలు, వాసన లేని నూనె 4 పెద్ద చెంచాలు, ఉప్పు, మిరియాలపొడి, చిటికెడు పంచదార, కాస్త ఉల్లికాడ. శాకాహారులు మాంసరసం బదులు క్యారెట్, ఉల్లి, రెండు మిరియాలు వేసి మరిగించి వడకట్టిన నీళ్ళు వాడుకోవచ్చు. మేము అలాగే చేస్తాం.

దుంపల ఎంపికే సగం వంట. జర్మనీలో సంచీ మీదే రాసి ఉంటుంది - గట్టిగా ఉడికేవి, మధ్యరకం, పిండిలా ఉడికేవి అని. సలాడుకు మొదటిరకం కావాలి. మన బజారులో అలా రాయరు కాబట్టి పలచటి తొక్క ఉన్న కొత్త దుంపలు, ఒకే సైజువి ఏరుకోండి. పచ్చబడినవీ, మొలకెత్తినవీ వద్దు. వాటిలో విషపదార్థం ఉంటుంది.

తొక్కతోనే, ఉప్పు వేసిన నీళ్ళలో ఉడికించండి. కుక్కర్‌లో పెడితే చితికిపోతాయి. మామూలు గిన్నెలో 20 నుంచి 25 నిమిషాలు చాలు. కత్తి మొన సులువుగా దిగితే దించేయండి. చేయి పట్టగలిగినంత వేడిమీదే తొక్క తీసి, పలచటి బిళ్ళలుగా తరగండి. సన్నగా తరిగిన ఉల్లిపాయను రసంలో వేసి ఒక పొంగు రానిచ్చి, వెనిగర్, మస్టర్డ్, ఉప్పు, మిరియాలపొడి, పంచదార కలిపి, వేడి దుంపల మీద పోసి మెల్లగా కలపండి. అరగంట మూత పెట్టి వదిలేస్తే దుంప ఆ రసాన్ని పీల్చుకుంటుంది. నూనె ఆఖర్నే వేయాలి. ముందే వేస్తే బిళ్ళలకు పూతలా అంటుకుని రసాన్ని లోపలికి పోనివ్వదు. చివర ఉల్లికాడ చల్లాలి. సలాడు పొడిగా ఉండకూడదు, జారుగా, తడితడిగా ఉండాలి. గోరువెచ్చగా తింటేనే రుచి.

అరటికాయ ఆవపెట్టి తిన్న నాలుకకు ఇందులోని ఆవఘాటు కొత్తేమీ కాదు. పళ్ళు లేనివారికీ ఇబ్బంది ఉండదు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించుకోవాలి. మధుమేహం ఉన్నవారు మాత్రం సలాడు అన్న పేరు చూసి మోసపోవద్దు. ఆలుగడ్డ ఎక్కడున్నా ఆలుగడ్డే. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి ముగించండి.

మరో ఉత్తర్వు, మరో జవాబు

చివరగా ఒక మాట. జర్మన్ సలాడుకు పేరుపడ్డ దుంపల్లో 'లిండా' అనేది ఒకటి. 1974లో దానికి అనుమతి వచ్చింది. ముప్పై ఏళ్ళ హక్కు గడువు 2004తో ముగుస్తుందనగా, హక్కుదారు కంపెనీ ఆ రకాన్ని రిజిస్టరు నుంచే ఉపసంహరించుకుంది. రిజిస్టరులో లేని రకానికి విత్తనం అమ్మకూడదు. రైతులు, తినేవాళ్ళు కలిసి గొడవచేశారు, పోరాడారు. 2010లో లిండాకు మళ్ళీ అనుమతి వచ్చింది. 1756లో వేయమంటే వద్దన్న జనం మనవలే, 2004లో వద్దంటే వేస్తామన్నారు. ఈ మధ్యకాలంలో ఆ దుంప రాజుగారిది కాకుండా వాళ్ళదయింది.

ఫ్రెడరిక్ అవశేషాలను 1991 ఆగస్టు 17న పోట్స్‌డామ్‌లోని ఆయన రాజభవనపు మిద్దెతోటలో, ఆయన కోరుకున్న చోటే సమాధి చేశారు. చూడవచ్చినవాళ్ళు ఆ రాతిపలక మీద పూలతోపాటు బంగాళాదుంపలు పెట్టి వెళుతుంటారు. మేమూ చూశాం. ఆ సర్క్యులర్‌కు అమలు నివేదిక అదేననుకున్నాను. కానీ రాయాల్సిన సంతకాలు అందులో చాలా ఉన్నాయి - హాన్స్ రోగ్లర్‌ది, కోల్బెర్గ్‌కు వచ్చిన ఆ స్వాబియా మనిషిది, పెళ్ళిదుప్పట్లిచ్చి బస్తా దుంపలు ఇంటికి మోసుకొచ్చిన ఆ తల్లిది.