వదిన అడిగిన ప్రశ్న, 1956 నాటి రెండు జవాబులు

మొన్న ఊత్తుకోటలో మా వదిన రక్తపరీక్ష చేయించుకుంటే టీఎస్‌హెచ్ 7.8 వచ్చింది. "మనింట్లో అయోడిన్ ఉప్పే కదా, మరి ఇదెట్లా?" అనింది.

1956లో మన శ్రీకాకుళం బిడ్డ డాక్టర్ వి. రామలింగస్వామి కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పు ఇచ్చి చూడటం మొదలుపెట్టారు. గొంతువాపులు తగ్గాయి. 1962లో దేశానికే గాయిటర్ నివారణ పథకం వచ్చింది. అదే 1956లో లండన్‌లో రాయిట్, డోనియాక్ బృందం హషిమోటో జబ్బున్నవాళ్ళ రక్తంలో సొంత థైరాయిడ్ మీదికే తిరగబడే యాంటీబాడీలను కనిపెట్టింది. దీన్ని ఉప్పు ఆపదు.

టీఎస్‌హెచ్ థైరాయిడ్‌లో పుట్టేది కాదు. మెదడు కింది పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్‌ను పని చెయ్యమని పంపేది. థైరాయిడ్ మందగిస్తే ఇది పెరుగుతుంది, ఎందుకు మందగించిందో మాత్రం చెప్పదు. అందుకే ఫ్రీ టీ4, యాంటీ టీపీఓ పరీక్షల గురించి డాక్టర్‌ని అడగమన్నాను. జుట్టుకని వేసుకుంటున్న బయోటిన్ మాత్రల సంగతి కూడా ముందే చెప్పమన్నాను, అవి కొన్ని పరీక్షల లెక్క తప్పిస్తాయి. (జుట్టు రాలిందే థైరాయిడ్ వల్లేమో, ఎవరికి తెలుసు!)

ఫ్రీ టీ4 సరిగ్గానే ఉంది. యాంటీ టీపీఓ బాగా ఎక్కువ. మాత్ర ఇప్పుడే వద్దు, మూడు నెలలకు మళ్ళీ చూద్దామన్నారు డాక్టర్.