'యూ' అంటే నీవా? మీరా?



"ఇంగ్లీషులో మర్యాద లేదు, పిన్నలనైనా పెద్దలనైనా 'యూ' అనే పిలుస్తారు" అనే మాట మీరు వినే ఉంటారు. చరిత్ర చూస్తే సంగతి తలకిందులు.

పూర్వం ఆంగ్లంలో ఒక్కరిని 'దౌ' అనీ, పలువురిని 'యీ' అనీ సంబోధించేవారు. 'యూ' ఆ 'యీ'కి కర్మరూపం. మన 'మిమ్ము' వంటిది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించాక రాజాస్థానంలో ఫ్రెంచి నెలకొన్నది. ఆ ప్రభావంతో 13వ శతాబ్దం నుండి గొప్పవారిని ఒక్కరినైనా బహువచనంతో గౌరవించడం మొదలైంది. 'దౌ' చనువుకూ, చిన్నచూపుకూ మిగిలింది. 1603లో సర్ వాల్టర్ రాలీపై రాజద్రోహ విచారణ జరిగినప్పుడు, ప్రభుత్వ న్యాయవాది ఎడ్వర్డ్ కోక్ ఆయనను అవమానించడానికే 'దౌ' అని సంబోధించాడు. ఈలోగా 'యూ' కర్తస్థానాన్ని కూడా ఆక్రమించింది. క్రమంగా అందరికీ 'యూ' అనడమే మర్యాద అయి, 18వ శతాబ్దం నాటికి ప్రామాణిక భాషలో 'దౌ' దాదాపు మరుగున పడింది.

అనగా ఇంగ్లీషు పోగొట్టుకున్నది 'మీరు'ను కాదు, 'నీవు'ను!

క్రియాపదమే ఇందుకు సాక్ష్యం. 'దౌ' పక్కన 'ఆర్ట్' వచ్చేది. ఒక్కరితో మాట్లాడినా 'యూ' పక్కన బహువచన క్రియ 'ఆర్' వస్తుంది. మనం ఒక్కరినే "మీరు వచ్చారు" అన్నట్లు. 1611 నాటి బైబిలులో దేవుని 'దౌ' అనడం చూసి అది అధిక గౌరవమని పిల్లలు భ్రమపడతారు. తిరువయ్యూరు త్యాగరాజస్వామి రాముని 'నీవు' అన్నట్లే అదీ ఏకవచనం.

ఈ చరిత్రతో మనకేమి పని? 'యూ'కు 'నీవు' అని ఒక్క అర్థమే వ్రాయించి, పిల్లవాడు ఇంటికి వచ్చిన పెద్దలను 'నువ్వు' అంటే కోప్పడతాము. తప్పు మన పదపట్టికది. కర్ణాటకలో చిక్కు ఇంకా ఎక్కువ; కన్నడంలో 'నీవు' గౌరవవాచకం!

కనుక 'యూ' ఉన్న వాక్యాన్ని మూడు సార్లు తెలుగు చేయించండి: స్నేహితునితో, గురువుతో, ఇద్దరు స్నేహితులతో చెప్పినట్లు. క్రియ చివర 'వు' ఎప్పుడు 'రు' అవుతుందో పిల్లలే గుర్తిస్తారు. ఇంగ్లీషు వదులుకున్న ఆ తేడా మన పిల్లల నోట నిలవాలి.