చంటిపిల్లలతో శంషాబాద్ విమానాశ్రయానికి.. సీతాఫల్‌మండి, తార్నాక నుంచి ఎలా వెళ్తే మేలు?

బేగంపేటలో విమానాలు దిగిన రోజుల్లో సీతాఫల్‌మండి, తార్నాక వాసులకు ఎయిర్‌పోర్టు అంటే ఆటోలో వెళ్లొచ్చేంత దూరం. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు మారాక ఆ దూరం 30 కిలోమీటర్లు దాటింది. చంకలో ఏడాది బిడ్డ, చేయి పట్టుకుని నాలుగేళ్ల పిల్ల, తోడుగా రెండు సూట్‌కేసులు ఉంటే ఛార్జీ ఒక్కటే చూసుకుంటే సరిపోదు. దారిలో ఎన్నిసార్లు దిగి ఎక్కాలి, పిల్లలు ఎంత భద్రంగా కూర్చుంటారు అన్నది ముందు చూడాలి.

ఎంఎంటీఎస్, మెట్రో పనికొస్తాయా?

సీతాఫల్‌మండి స్టేషన్ మీదుగా వెళ్లే ఎంఎంటీఎస్ మార్గాన్ని 2023 ఏప్రిల్‌లో ఫలక్‌నుమా నుంచి ఉందానగర్ వరకు పొడిగించారు. ఉందానగర్ శంషాబాద్ పక్కనే ఉన్నా, రైలు టెర్మినల్ దాకా వెళ్లదు. అక్కడ దిగి మళ్లీ ఆటోనో, క్యాబో వెతుక్కోవాలి. తార్నాకలో మెట్రో ఎక్కినా అంతే. బ్లూ లైన్ నాగోల్‌తో ఆగిపోతుంది. ఒంటరిగా, చిన్న బ్యాగుతో వెళ్లేవారికి ఇవి బాగానే ఉంటాయి. పిల్లలు, సామాన్లు ఉంటే వద్దు.

పుష్పక్ బస్సు సంగతేంటి?

ఆర్టీసీ ఏసీ పుష్పక్ బస్సులు సికింద్రాబాద్ నుంచి తార్నాక, ఉప్పల్, ఎల్బీ నగర్ మీదుగా విమానాశ్రయానికి నడుస్తాయి. ఒకసారి ఎక్కితే మళ్లీ మారే పని లేదు. బయలుదేరే ముందు ‘గమ్యం’ యాప్‌లో బస్సు ఎక్కడుందో చూసుకుంటే ఎండలో పిల్లలతో నిలబడే బాధ తప్పుతుంది. ఒక్క విషయం గుర్తుంచుకోండి. మహిళలకు ఉచిత ప్రయాణం సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనే. పుష్పక్‌లో టికెట్ తీసుకోవాల్సిందే.

క్యాబ్ అయితే ఏం చూడాలి?

సీఎన్‌జీ సిలిండర్ ఉన్న కారులో డిక్కీ సగం నిండిపోతుంది. నలుగురి సామాన్లుంటే పెద్ద బండి బుక్ చేసుకోండి. సీతాఫల్‌మండి లోపలి గల్లీల్లో డ్రైవర్లు దారి తప్పుతుంటారు. పికప్ పాయింట్‌ను మెయిన్ రోడ్డు మీద పెట్టుకుని, ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు సామాన్లతో ముందు అక్కడికి వెళ్తే సరిపోతుంది. ముందురోజే బుక్ చేసినా బండి ఖాయమైనట్టు కాదు. డ్రైవర్ పేరు, నంబరు వచ్చాకే ఖాయం. అందుకే తెల్లవారుజాము విమానమైతే తెలిసిన డ్రైవర్‌ను కూడా ఒకరిని అడిగి ఉంచుకోండి.

బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చా?

అందరూ చేసేది అదే. ప్రమాదమూ అక్కడే. ఓఆర్ఆర్ మీదో, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదో వేగంగా వెళ్తున్న కారుకు సడన్ బ్రేక్ పడితే, ఎంత గట్టిగా పట్టుకున్నా బిడ్డ చేతుల్లో నిలవదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బీ సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు సీటు బెల్టు గానీ చైల్డ్ సీట్ గానీ ఉండాలి. లేకపోతే బండి నడిపేవారికి 1,000 రూపాయల జరిమానా.

మామూలు క్యాబుల్లో చైల్డ్ సీట్ ఉండదు. సొంతది ఉంటే తీసుకెళ్లండి. దాన్ని విమానంలో సామానుగా వేయడానికి డబ్బు కట్టాలో లేదో టికెట్ కొన్నప్పుడే అడగండి. వెనక సీటు బెల్టు బకిల్ సీటు కవర్ కింద ఇరుక్కుపోయి ఉంటే, కదలకముందే తీయించండి. బిడ్డతో ముందు సీట్లో కూర్చోవద్దు. ఒకే బెల్టును తల్లికీ బిడ్డకూ కలిపి పెట్టొద్దు. చైల్డ్ సీట్ దొరకని పక్షంలో, వేళ కుదిరితే కారు కంటే పుష్పక్ బస్సే మేలు.

ఎప్పుడు బయలుదేరాలి?

చాలా విమానయాన సంస్థలు దేశీయ విమానాలకు గంట ముందే చెక్ఇన్ కౌంటర్ మూసేస్తాయి. ఉదయం 6.30 విమానమైతే 5.30కు కౌంటర్ మూత. పిల్లలతో 4.30కల్లా టెర్మినల్‌లో ఉండాలి. అంటే ఇంటి నుంచి 3.15కు కదలాలి. సాయంత్రం విమానమైతే ఉప్పల్, ఎల్బీ నగర్ కూడళ్ల రద్దీకి మరో ముప్పావుగంట కలుపుకోండి.

చేతి సంచిలో ఏముండాలి?

- పిల్లల వయసు రుజువు. రెండేళ్లలోపు వారికి జనన ధ్రువీకరణ పత్రం
- పాలు, బేబీ ఫుడ్, మందులు. అంతర్జాతీయ ప్రయాణంలో 100 మిల్లీలీటర్ల పరిమితి నుంచి వీటికి మినహాయింపు ఉంటుంది. తనిఖీలో విడిగా చూపించాలి
- రెండు జతల బట్టలు, డైపర్లు, వాంతికి కవర్

తిరుగు ప్రయాణానికి కూడా బయలుదేరేముందే ఆలోచించండి. అర్ధరాత్రి దిగితే పిల్లలు భుజం మీద నిద్రపోతుంటారు. బండి కోసం అప్పుడు వెతుక్కోకుండా, సామాన్లు చేతికొచ్చాక డ్రైవర్‌కు ఒక్క ఫోన్ చేస్తే చాలన్నట్టు ముందే మాట్లాడి ఉంచుకోండి.