ఎర్ర గీత

2010 అక్టోబరు 4, సోమవారం. హంగరీలో కొలొంటార్ అనే చిన్న ఊరు. మధ్యాహ్నం పన్నెండున్నర కావస్తోంది, అన్నాల వేళ. ఎగువన ఉన్న అల్యూమినా కర్మాగారం మడ్డి చెరువు గట్టు ఒక మూల తెగింది.

తోర్నా వాగు మీదుగా ఎర్రటి కెరటం ఊళ్లోకి దూకింది. కార్లను తోసేసింది, తలుపులు విరిచి ఇళ్లలోకి జొరబడింది. దిగువన దెవెచెర్ పట్టణాన్నీ ముంచింది. ఆరు లక్షల ఘనపు మీటర్లకు పైగా మడ్డి! బురదే కదా, కడుక్కుంటే పోతుందనుకున్నవాళ్లకు కాసేపటికి ఒళ్లు కాలడం మొదలైంది. అందులో ఉన్నది కాస్టిక్ సోడా. పది మంది ప్రాణాలు పోయాయి. ఆ ఘాటు విరిచేందుకు జిప్సం గుమ్మరించినా దిగువన మార్త్సల్ నదిలో చేప మిగల్లేదు.

నెలలు గడిచినా గోడల మీద, చెట్ల మొదళ్ల మీద ఒకే ఎత్తున ఎర్ర గీత అలాగే ఉండిపోయింది. ఆ ఫొటోలు చూసిన రోజు నుంచీ నన్నొక ప్రశ్న వదల్లేదు. ఆ ఎరుపు ఇనుముది. ఇంత ఇనుమున్న మట్టిని కొండల్లా పోసి, గట్లు కట్టి, ఊళ్ల నెత్తిన ఎందుకు నిలబెడుతున్నాం?

బాక్సైట్‌ను వేడి కాస్టిక్‌లో ఉడికించి అల్యూమినా లాగే పద్ధతి కార్ల్ యోసెఫ్ బాయర్‌ది, 1880ల నాటిది. కరగకుండా మిగిలే పిప్పే ఎర్రమడ్డి. టన్ను అల్యూమినాకు టన్ను నుంచి టన్నున్నర దాకా వస్తుంది. ఒడిశాలోని దామన్‌జోడి కర్మాగారం నుంచి తెల్లటి అల్యూమినా రైలెక్కి మన విశాఖ రేవుకు దిగుతుంది. ఎరుపు మాత్రం అక్కడి కొండల మధ్యే ఉండిపోతుంది. ప్రపంచమంతటా పోగుపడింది సుమారు 400 కోట్ల టన్నులు.

ఈ మడ్డి వాడకానికి అడ్డం అందులో మిగిలే సోడాయే. ఇటుకలు చేస్తే తెల్లగా ఉప్పు పూస్తుంది. సిమెంటు బట్టీ కొద్ది పాళ్లలో తీసుకుంటుంది. ఆ కొద్దీ చిన్నది కాదు: ఏటా 12 లక్షల టన్నులు అల్ట్రాటెక్ సిమెంటు కర్మాగారాలకు పంపేందుకు 2020లో అల్యూమినియం సంస్థ హిందాల్కో ఒప్పందం చేసుకుంది. ఆ వార్త చదివి నిజంగా సంతోషించాను. కానీ ఇనుమును ఇనుముగా తీసుకునే దారి కావాలి కదా!

జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు ఆ పనికే పూనుకున్నారు. ఎర్రమడ్డిని విద్యుత్ ఆర్క్ కొలిమిలో పెట్టారు. బొగ్గు ముట్టలేదు. పది శాతం హైడ్రోజన్ కలిసిన వాయువును ప్లాస్మాగా మార్చి మడ్డి మీదికి వదిలారు. మడ్డి కరిగింది. ఇనుప ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను హైడ్రోజన్ లాగేసుకుంది. ఇనుము బొట్లు బొట్లుగా విడివడి, ఒకదాన్నొకటి వెతుక్కుంటూ ముద్దకట్టింది. ఆ ఫలితాలు 2024 జనవరిలో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి. ఇంకా అది ప్రయోగశాల కొలిమే. మిగిలిన చిట్టెం కట్టడాలకు పనికొస్తుందంటున్నారు.

పట్టిన సమయం పది నిమిషాలు. కొలొంటార్ గోడల మీద గీత గీసిన ఎరుపే, పదో నిమిషానికి కొలిమి అడుగున మెరిసే ఇనుప ముద్ద.