శవసాక్ష్యము

రాత్రి సుఖముగా భుజించి పరుండిన యువకుడు తెల్లవారుసరికి విగతజీవుడై యున్నాడు. దేహముపై గాయము కానరాదు. పూర్వము వ్యాధి యున్నట్లెవరు నెరుగరు. సాలూరు, కురుపాము, సీతంపేట ప్రాంతముల కొండపల్లెలలోనేమి, దిగువ మైదానమునందలి గ్రామములలోనేమి, ఇట్టి మరణము సంభవించినప్పుడు జనులు మొదట నడుగు ప్రశ్న "ఏమి జరిగినది?" అని కాదు, "ఎవరు చేసిరి?" అని. ప్రశ్నయే తప్పుగా పుట్టిన పిమ్మట నుత్తరము సరిగా నుండుట యెట్లు? ఊరి చివర నొంటిగా బ్రదుకు ముసలి విధవ చిల్లంగి పెట్టినదని యొకరందురు. అన్నము వండిపెట్టిన భార్యయే మందు కలిపినదని వేరొకరందురు. పొలముగట్టు తగవులున్న జ్ఞాతిపై మూడవవాని యనుమానము. సాయంకాలమునకు శవము కాలిపోవును; అనుమానము మాత్రము కాలదు. అది యొక నిరపరాధిని వెదకికొని పోయి, ఊరినుండి తరుమును. కొన్ని యెడల ప్రాణమునే తీయును.

మరణకారణము తెలియనిచోట వదంతియే న్యాయాధిపతి యగును. ఆ న్యాయస్థానమున ధనవంతుడు గాని, బలగముగలవాడు గాని దోషి యగుట యరుదు. కావున మృతదేహమును శాస్త్రీయముగా పరీక్షించుట కేవలము పోలీసులకును వైద్యులకును సంబంధించిన తంతు కాదు. అది దిక్కులేని వారికి రక్ష. ఈ సంగతి మనవారు గ్రహింపకుండుటచే కలుగు హాని యెట్టిదో చరిత్రమూలమున చూపుటయే యీ వ్యాసోద్దేశము.

"శవమును కోయుట మన యాచారము కాదు, పరదేశీయులు తెచ్చిపెట్టిన పాపకార్యము" అని మన పెద్దలు కొందరు చెప్పుచుందురు. ఈ మాట చరిత్రకు నిలువదు. 1909వ సంవత్సరమున మైసూరు పండితుడు శామశాస్త్రి ప్రకటించిన కౌటిల్యుని యర్థశాస్త్రమున, కంటకశోధనమను నాలుగవ యధికరణమందు, ఆశుమృతకపరీక్ష యను ప్రకరణమే కలదు. హఠాత్తుగా మరణించినవాని దేహమునకు తైలము పూసి పరీక్షింపవలెనని యచ్చట విధింపబడినది. కంఠమున నొత్తిన గురుతు లున్నచో ఊపిరి సలుపకుండ చంపబడినవాడని, చేతులు కాళ్లు పండ్లు గోళ్లు నల్లబడి నోట నురుగు గ్రమ్మినచో విషముచే మడిసినవాడని, అవయవములు చిట్లి విరిగినచో పైనుండి త్రోయబడినవాడని గురుతులు చెప్పబడినవి. చంపినపిమ్మట నురివేసి యాత్మహత్యగా చూపుట యుండవచ్చునని కూడ నాతడు హెచ్చరించెను. విషము కలదో లేదో తెలియుటకై గుండె భాగమును నిప్పులో వేసి చప్పుడును రంగును చూడుమన్న యాతని పద్ధతిని నేటి రసాయనవేత్త యంగీకరింపడు. పద్ధతి పాతబడవచ్చును, కాని దేహమునే యడుగుమన్న బుద్ధి పాతబడలేదు.

సుశ్రుతుడంతకంటె ముందడుగు వేసెను. శస్త్రవైద్యుడు కాదలచినవాడు గ్రంథము చదివినంతనే చాలదు, కంటితో చూడవలెను. అవయవములన్నియు గల మృతదేహమును దర్భాదులతో చుట్టి, పంజరమున నుంచి, మరుగైన యేటినీట నేడు రాత్రులు నాననిచ్చి, పిమ్మట వట్టివేళ్లు మొదలైన వాని కుంచెలతో మెల్లమెల్లగ రాచుచు, చర్మము మొదలు లోపలి యవయవముల వరకు నొక్కొక్కటిగ పరిశీలింపుమని యాతడు శారీరస్థానమున చెప్పెను. ఇట్టి విద్య పుట్టిన దేశముననే పిమ్మట శవస్పర్శ మైల యనియు, అంటు అనియు, నీచకులమువారి పని యనియు నెంచబడి, వైద్యుడు చేతికి కత్తి తీసికొనుట మానెను. విద్యను పరదేశీయులు హరింపలేదు. అంటుభయముచే మనమే విడిచితిమి.

చెన్నపట్టణమున 1693వ సంవత్సరము ఆగస్టు మాసమున కంపెనీవారి కౌన్సిలు సభ్యుడైన వీలరు మరణింపగా, ఎడ్వర్డు బల్క్లీ యను వైద్యుడు దేహమును కోసి పరీక్షించెను. మన దేశమున మరణకారణము నెరుగుటకై జరిగిన మొదటి శవపరీక్ష యిదియే యని వైద్యచరిత్రకారులు చెప్పుదురు. పాషాణము నూరిన కల్వమును చక్కగా కడుగక దానియందే రోగికీయవలసిన మందును నూరుటచే ననర్థము వాటిల్లినట్లు తేలెను. చికిత్స చేసిన వైద్యుడు విచారణకు పాత్రుడయ్యెనే కాని హంతకుడుగా శిక్షింపబడలేదు. పరీక్ష జరుగకున్నచో ద్వేషమను కథ యొకటి యల్లబడి యుండెడిది. జరిగినందున నజాగ్రత్త యను సత్యము బయటపడెను.

1836వ సంవత్సరమున కలకత్తా వైద్యకళాశాలలో పండిత మధుసూదన గుప్తుడు, ఆయుర్వేదము నభ్యసించిన వైద్యవంశీయుడు, స్వహస్తమున శవచ్ఛేదనము చేసి యంటుభయమును తెంచెను. ఆ సంవత్సరముననే ఇంగ్లండులో జేమ్సు మార్షు పాషాణమును కనిపెట్టు విధానమును ప్రకటించెను. అనుమానముగల పదార్థమునుండి వాయువును పుట్టించి, దానిని గాజుగొట్టమున వేడిచేసినచో పాషాణము నల్లని మెరుగుపూతగా గొట్టమునకంటుకొనును. అంతవరకు కలరా వాంతులును పాషాణపు వాంతులును వేరుచేయుట కష్టమై, ఎందరు విషప్రయోక్తలు కలరాచాటున దాగిరో! చెన్నపట్టణమున 1849వ సంవత్సరమున ప్రభుత్వ రసాయన పరీక్షకుని శాఖ యేర్పడెను. నాటినుండి రాజధానిలోని జిల్లాల యనుమానాస్పద మరణములయందు కడుపులోని భాగములు సీలువేసిన జాడీలలో నచ్చటికి పోవజొచ్చెను. మన పల్లెలలో అందరెరిగిన పచ్చగన్నేరు పప్పు, ఉమ్మెత్తగింజ, నాభి, ముషిణిగింజ, పాషాణము మొదలగునవి యిట్లు వదంతిలోనుండి గాజుగొట్టములోనికి వచ్చినవి.

ఇక మన ప్రాంతపు సంగతి. నేటి శ్రీకాకుళము జిల్లా 1950వ సంవత్సరమునను, విజయనగరము జిల్లా 1979వ సంవత్సరమునను నేర్పడినవి. అంతకుముందీ దేశమంతయు గంజాము, విశాఖపట్టణము జిల్లాలలో చేరియుండెను. పల్లెలో అసహజమరణము జరిగినచో గ్రామమునసబు ఠాణాకు వర్తమానము పంపెడివాడు. పోలీసు వచ్చి, పంచాయతీదారులను కూర్చుండబెట్టి, శవమును పైపైన చూచి కాగితము వ్రాయును. కోసి పరీక్షింపవలెనన్నచో వైద్యుడున్న పట్టణమునకు శవమును తీసికొనిపోవలెను. కొండదారిన డోలీపై, పిమ్మట నెడ్లబండిపై, వేసవియెండలో దేహము చేరుసరికి కుళ్లి, పరీక్షించుట కేమియు మిగులకుండెడిది. విశాఖపట్టణమున 1902వ సంవత్సరమున వైద్యపాఠశాలయు, 1923వ సంవత్సరమున వైద్యకళాశాలయు ప్రారంభమైనవి. ఆంధ్రవైద్యకళాశాల యని నేడు ప్రసిద్ధికెక్కినదదియే. ఉత్తరాంధ్ర యువకులు శరీరనిర్మాణశాస్త్రమును స్వదేశమున కత్తిపట్టి నేర్చుకొనుట కదియే ముఖ్యస్థానమయ్యెను.

ఈ రైలుదారికి సంబంధించిన యొక కేసు భారతదేశమంతటి న్యాయవిద్యార్థులకు నేటికిని పాఠమై యున్నది. పిఠాపురము దివానువద్ద పూర్వము బంట్రోతుగా నున్న యొకడు దివానుగారి కుమార్తెకును అల్లునికిని సొమ్ము అప్పిచ్చియుండెను. 1937వ సంవత్సరము మార్చి 20వ తేదీన బరంపురమునకు రమ్మని యాతనికొక యుత్తరము వచ్చెను. బాకీసొమ్ము తీసికొనిపొమ్మని పిలిచిరని భార్యతో చెప్పి, మరునాడాతడు రైలుబండికై బయలుదేరెను. పిఠాపురమునుండి బరంపురమునకు పోవు దారి విజయనగరము, ఆముదాలవలస, పలాస, ఇచ్ఛాపురముల మీదుగనే కదా. తిరిగి యాతడు రాలేదు. 23వ తేదీన పూరీ స్టేషనులో నాగిన బండియందు మూడవ తరగతి పెట్టెలో దిక్కులేక పడియున్న యినుపపెట్టెను తెరచి చూడగా, ఏడు ముక్కలుగ చేయబడిన పురుషదేహము కానవచ్చెను. ఆ దేహము తన భర్తదే యని గుర్తించినది ఆ నిరుపేద విధవయే.

కొట్టగా చూచినవాడు లేడు. చంపబడినవాడు బంట్రోతు, ఆరోపణకు గురియైనవాడు దివానుగారి యల్లుడు. పెట్టె, ఉత్తరములు, దేహము, ఇల్లు వెడలునప్పుడు భర్త చెప్పిన యొక్క మాట: ఇవియే యా విధవపక్షమున మిగిలినవి. చనిపోవుటకు రెండుదినముల ముందు, మరణభయమైనను లేనప్పుడు పలికిన మాట సాక్ష్యమగునా యను ప్రశ్న పాట్నా హైకోర్టు దాటి లండనులోని ప్రీవీకౌన్సిలు వరకు పోయెను. ఆ మరణమునకు దారితీసిన సందర్భములను తెలుపు మాట గనుక నది సాక్ష్యమే యగునని 1939వ సంవత్సరము జనవరి 19వ తేదీన లార్డు అట్కిను తీర్పు చెప్పెను. అప్పీలు కొట్టివేయబడెను. పాకాల నారాయణస్వామి కేసు అని న్యాయగ్రంథములలో పేరుగన్నదిదియే. చచ్చినవాని మాటను న్యాయస్థానము వినుననుట ఇందలి ధర్మము. చచ్చినవాని దేహమును కూడ వినవలెననుట వైద్యశాస్త్రధర్మము. రెండును కలిసినప్పుడే బీదవానికి న్యాయము కలుగును.

దేహమేమి చెప్పును? ఉరివేసికొని మరణించినవాని మెడపై త్రాటిజాడ సాధారణముగ పైయెత్తున, చెవివైపునకేటవాలుగ పోవును; ముడియున్నచోట తెగిపోవును. ఇతరులు త్రాడు బిగించి చంపినచో జాడ క్రిందుగ, అడ్డముగ, మెడచుట్టు పూర్తిగ నుండును. నిప్పంటుకొన్నప్పుడు బ్రదికియున్నవారి శ్వాసనాళములో మసియుండును. రక్తములో బొగ్గువిషవాయువు చేరియుండును. ముందు చంపి పిమ్మట కిరసనాయిలు పోసి తగులబెట్టినచో శ్వాస లేదు గనుక మసి లోనికి పోదు. "వంటయింట చీరకు నిప్పంటుకొన్నది" అను మాటను దేహమే యిట్లు ఖండింపగలదు, లేదా బలపరుపగలదు. ఈ జ్ఞానము నెరిగియే 1983వ సంవత్సరమున శాసనమును సవరించి, పెండ్లియైన యేడేండ్లలోపల స్త్రీ యాత్మహత్య చేసికొన్నను, అనుమానాస్పదముగ మరణించినను, దేహమును వైద్యపరీక్షకు పంపవలెనని విధించిరి. 1986వ సంవత్సరమున వరకట్నమరణమును ప్రత్యేకాపరాధముగ జేసిరి. అత్తింట మాటలాడ నోరులేని కోడలికి చనిపోయిన తరువాతనైన నోరిచ్చిన విధియిది.

మొదట చెప్పిన యువకుని మాట మరచితిమా? కట్లపాము రాత్రివేళ నేలపై పరుండినవారిని కరచును. కాటు నొప్పి స్వల్పము; కోరలజాడ సూదిమొనకంటె సన్నము; వాపుండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలుట, మాట తడబడుట, పిమ్మట నూపిరి నిలుచుట. చూచువారికిది చిల్లంగివలెను, మందుపెట్టినట్లును తోచుటలో నాశ్చర్యమేమి? మెదడుకెక్కిన మలేరియా, గుండెనాళము మూసికొనుట, తలలో రక్తనాళము చిట్లుట, ఇవన్నియు నిట్లే గాయములేని మరణములు. ఓపికగల వైద్యుడు చేతివ్రేళ్లసందులు, చెవివెనుకభాగము దీపముతో వెదకి రెండు చుక్కలను కనుగొన్నచో నొక ముసలియవ్వ ప్రాణము నిలుచును. ఇంతటి పుణ్యము వేరే యే క్రతువువలన లభించును?

అయినను మన శవపరీక్షాలయముల స్థితి చూచినచో తల వంచుకొనవలసి వచ్చును. చాలచోట్ల కోతపనిని సేవకునికి వదలి, వైద్యుడు ముక్కుకు గుడ్డ యడ్డముపెట్టుకొని దూరముగ నిలిచి వ్రాసికొనుట కలదు. సుశ్రుతుని కాలమున వైద్యుని చేతనున్న కత్తి యంటుతోపాటు కులమునకు దిగినది. నేటికిని పూర్తిగ పైకి రాలేదు. తెలిసినవాడు ముట్టక, ముట్టువాడు చదువక, పరీక్ష సగము గ్రుడ్డిదగుచున్నది. ఉప్పునీట భద్రపరచిన భాగములు ప్రయోగశాల చేరి ఫలితము వచ్చుటకు మాసములు పట్టుటయు, "అభిప్రాయము తరువాత తెలుపబడును" అను వాక్యముతో కాగితము కట్టలలో పడియుండుటయు కలదు. ఇక బంధువుల తొందర వేరు. "అయినదేదో అయినది, కోతలెందుకు" అని రాత్రికి రాత్రి దహనము చేయుదురు. దహనముతో సాక్షి పోవును. అబద్ధము చిరంజీవి యగును.

నిరాశ చెందవలసినది లేదు. డోలీపై విశాఖకు మోయవలసిన కాలము గడచినది. నెల్లిమర్లలో 2002వ సంవత్సరమునను, శ్రీకాకుళమున 2008వ సంవత్సరమునను, విజయనగరమున ప్రభుత్వముచే 2023వ సంవత్సరమునను వైద్యకళాశాలలు నెలకొన్నవి. 2024వ సంవత్సరము జూలై 1వ తేదీనుండి యమలులోనికి వచ్చిన నూతన నేరవిచారణ సంహితలో, ఏడేండ్లు గాని అంతకుమించి గాని శిక్షపడదగు నేరములయందు శాస్త్రనిపుణులు స్వయముగ స్థలమునకు పోయి సాక్ష్యమును సేకరింపవలెనని విధి కలదు. రాష్ట్రములు గడువులోపల దీనిని నెరవేర్పవలెను. విధి వ్రాసినంతమాత్రమున సత్యము తెలియదు. దానిని కోరు ప్రజలుండవలెను.

చదువరులారా! మన చేతనున్న పని చిన్నది. అనుమానపు మరణము జరిగిననాడు దహనమునకు తొందరపడక పరీక్షను కోరుట యొకటి. ఫలితము తెలియువరకెవరి పేరును నోట నెత్తకుండుట రెండవది. మన దేహము మరణానంతరము వైద్యవిద్యార్థుల కుపకరింపవలెనని బ్రదికియుండగనే నిశ్చయించి యింటివారికి చెప్పుట మూడవది. నేర్చుకొనుటకు దేహము లభింపని విద్యార్థి రేపు మన కోడలి మెడపైని జాడను చదువజాలడు.

మృతునికి పిండము పెట్టుదుము, తర్పణము విడుతుము, పదిమందికి భోజనము పెట్టుదుము. అవన్నియు మన తృప్తికొరకు. మృతుడు మననుండి నిజముగ కోరదగిన ఋణమొకటి కలదు: తానెట్లు పోయెనో సత్యము తెలిసికొనుట. ఆ ఋణము తీరినచో, ఊరి చివరి గుడిసెలోని ముసలియవ్వ ఆ రాత్రి తలుపు మూసికొని నిర్భయముగ నిద్రింపగలదు.