ప్రతిమలు – కాలగతి



భాస మహాకవి రచించిన ప్రతిమానాటకమున ఒక ఘట్టము కలదు. మేనమామ యింటినుండి అయోధ్యకు మరలి వచ్చుచు భరతుడు ఊరి వెలుపల ఒక ప్రతిమాగృహమును జొచ్చెను. అందు నాలుగు శిలాప్రతిమలు నిలిచియుండెను. అవి యెవరివో అతడెరుగడు. అచటి దేవకులికుడు దిలీపుడు, రఘువు, అజుడు, దశరథుడు అని వరుసగా చెప్పి, జీవించియున్నవారి ప్రతిమల నిచట నిలుపమనెను. తండ్రి యిక లేడని భరతున కట్లు తెలిసినది. ఈ కథలో ప్రతిమకంటె, దానిచెంత నిలిచి చెప్పువాడే నాకు ముఖ్యుడుగా తోచును.

దేవతామూర్తి శిథిలమైనచో జీర్ణోద్ధారణ విధిని ఆగమములు చెప్పియున్నవి. మానవప్రతిమలకట్టి శాస్త్రము లేదు. రాజ్యము మారిన వాని గతియు మారును. 1857 నాటి తిరుగుబాటును క్రూరముగా నణచిన నీలు దొర ప్రతిమ చెన్నపట్టణమున మౌంటురోడ్డుపై ఉండెడిది. దానిని తొలగింపవలెనని 1927లో సత్యాగ్రహము జరిగెను. 1937లో రాజాజీ మంత్రివర్గము దానిని వస్తుప్రదర్శనశాలకు చేర్చెను. ఢిల్లీలో ఇండియాగేటు చెంత ఛత్రము క్రిందనున్న అయిదవ జార్జి ప్రతిమ 1968లో తొలగి, పిదప కారొనేషను పార్కు చేరినది. ఆ చోట 2022లో నేతాజీ ప్రతిమ నిలిచినది. రాతికి ఆయువు హెచ్చు. గౌరవమునకు అంత ఆయువు లేదు.

ఇక మన హైదరాబాదు మాట. హుస్సేనుసాగరు గట్టుపై, నందమూరి తారకరామారావుగారు ముఖ్యమంత్రిగా నున్న కాలమున, ముప్పదికి పైగా మహనీయుల ప్రతిమలు వెలసినవి. శంషాబాదు ప్రాంతమున ఉపాధ్యాయుడనై యుండగా నేనొకమారు పిల్లలను అచటికి గొనిపోతిని. వారు పలకలపై పేళ్లు చదివిరి. "నన్నయ యనగా ఎవరు పంతులుగారూ?" అని ఒక బాలుడడిగెను. ప్రొద్దు గ్రుంకుచున్నది, బస్సు తప్పిపోవునను తొందరలో, "రేపు బడిలో చెప్పెద" నంటిని. ఆ రేపు రాలేదు.

2011 మార్చి 10న, ప్రత్యేక తెలంగాణము కొరకు జరిగిన మిలియను మార్చినాడు, ఆ ప్రతిమలలో కొన్ని కూలినవి. కొన్ని నీట పడినవి. తెలంగాణపు పెద్దలకు ఆ వరుసలో తగినంత చోటు దక్కలేదను బాధ జనులలో చాలకాలముగా నుండెను. ఆ బాధ నిజము. విరిగిన కవులు ఎల్లరి సొత్తనుటయు నిజము. ఆ వార్త విన్నప్పుడు నాకు ఆ బాలుని ప్రశ్నయే జ్ఞప్తికి వచ్చినది. కథ చెప్పువాడు లేనిచో కవి ప్రతిమ పక్షపు గురుతుగానే మిగులును. దేవకులికుని పని నాది, నేను చేయలేదు. తరువాత ప్రభుత్వము ఆ ప్రతిమలను మరల నిలిపినది.

ఆ చెరువుననే 1990లో, అదే మార్చి 10న, 58 అడుగుల ఏకశిలాబుద్ధుని గొనిపోవు పడవ ఒరిగి విగ్రహము మునిగినది; పనివారు కొందరు ప్రాణములు కోల్పోయిరి. 1992 డిసెంబరు 1న ఆ బుద్ధుడు నీట నడుమ నిలిచెను. మనవారు బుద్ధుని చూచి చేతులు జోడింతురు. ఆ పనివారిని తలచువారు అరుదు.

ఇపుడు మా శంషాబాదు చెంత, విమానాశ్రయమునకు సమీపమున, ముచ్చింతలలో 216 అడుగుల రామానుజాచార్య ప్రతిమ కలదు. 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కృతమైనది. దూరదేశములనుండి జనులు వచ్చి చూచుచున్నారు. ఆ యతి కులభేదమును లెక్కింపక ఏమి బోధించెనో మన పిల్లలకు మనమే చెప్పవలెను.

గ్రామపెద్దలారా! మీ యూర ప్రతిమ నిలుపదలచినచో రెండు మాటలు వినుడు. బాటలపైనను కాలిబాటలపైనను ప్రతిమలకు అనుమతి యీయరాదని సుప్రీంకోర్టు 2013 జనవరిలో ఆదేశించినది. కావున చోటు ముందుగా విచారింపుడు. ఆ మహనీయుని కథను ఏటేట పిల్లలకు చెప్పువాడెవడో అదియు ముందుగానే నిర్ణయింపుడు. అట్టివాడు దొరకనిచో, ఆ సొమ్ముతో బడికి పుస్తకములు కొనుడు.