హిమాలయ ఛాయాచిత్రణ: బరువు మోసినదెవరు?

ప్రయాణ ఛాయాచిత్రకళ చరిత్రను పరికరాల చరిత్రగా చెప్పడం పరిపాటి. ఆ పరికరాలు ఎవరి వీపుపై సాగాయన్న ప్రశ్న అరుదు. 1863లో భారతదేశానికి వచ్చిన శామ్యూల్ బోర్న్ 1866లోగా మూడు హిమాలయ యాత్రలు చేశాడు. నాటి తడి కొలోడియన్ పద్ధతిలో గాజుపలకకు రసాయనం పూసి, అది ఆరకముందే చిత్రం తీసి, అక్కడికక్కడే కడగాలి. కనుక పలకలు, సీసాలు, చీకటి గుడారం ప్రతి కనుమకూ ఎక్కవలసిందే. కెమెరా ఒక్కటే తేలికైతే ఫలితం లేదు. చివరి యాత్రలో ఇంచుమించు 80 మంది కూలీలున్నారు. వారు మధ్యదారిలో విడిచిపోవడాన్ని బోర్న్ తన వ్యాసాలలో విసుగుతో ప్రస్తావించాడు. ఆ విసుగునే వారి నిరాకరణకు సాక్ష్యంగా చదువుకోవాలి.

1871లో రిచర్డ్ మాడాక్స్ ప్రతిపాదించిన జెలటిన్ పొడి పలక క్రమంగా ఆ గుడారాన్ని అనవసరం చేసింది. అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం. 1925 నాటి లైకా కాదు. ఉబ్బసంతో బాధపడిన ఆస్కార్ బార్నాక్ సినిమా ఫిల్ముకు అనువుగా రూపొందించిన ఆ కెమెరా జేబులో ఇమిడింది, నిజమే. కానీ 24×36 మిల్లీమీటర్ల చట్రంలో దూరపు కొండల సూక్ష్మవివరాలు నిలవడం కష్టం. లైకా వచ్చిన రెండేళ్లకు, 1927లో, యోసెమిటీలోని హాఫ్ డోమ్‌ను చిత్రించడానికి ఆన్సెల్ ఆడమ్స్ గాజుపలకల కెమెరానే ఎంచుకున్నాడు. దానిని తన వీపుపైనే మోసుకుని కొండెక్కాడు.